మన తప్పు పక్కనుండి చూసిన తోడు ఏం చేస్తుంది? ఆర్పీజీలో సహచర పాత్రల గురించి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హుద్‌హుద్ తుపాను వచ్చిన మర్నాటి విశాఖలో జరిగే ఆర్పీజీ, అంటే ప్లేయర్ ఒక పాత్రలో దూరి నిర్ణయాలు తీసుకునే వీడియో గేమ్, చేస్తున్నావు. హీరోతో పాటు ముగ్గురు తిరుగుతారు: పెదజాలరిపేటలో చేపలమ్ముకునే నూకాలు, ఆటో నడిపే పైడిరాజు, స్టీల్‌ప్లాంటులో రిటైరైన అప్పారావు గారు. హీరో మంచి పని చేస్తే ‘నూకాలుకు నచ్చింది +5’ అని స్క్రీన్ మీద పడుతుంది, చెడ్డ పని చేస్తే 5 తగ్గుతుంది. స్నేహితులతో ఆడిస్తే, అంకె తగ్గగానే పాత సేవ్ లోడ్ చేసి, అంటే ఆటను ముందు దాచుకున్న చోటికి వెనక్కి తిప్పి, ఇంకో జవాబు నొక్కారు. నువ్వు నెలల తరబడి రాసిన మాటలు ఎవరూ చదవలేదు. దీన్ని ఎలా సరిచేయాలి, ఏ ఆటలు చూసి నేర్చుకోవాలి అని అడిగావు.

నేను పదహారేళ్లుగా ఆటలకు డైలాగులు రాస్తున్నాను. అందులో సగం కాలం నీలాగే ఈ అంకెలతో కుస్తీ పట్టాను. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

నీ స్నేహితుల తప్పేమీ లేదు. స్క్రీన్ మీద +5 కనిపిస్తే ఏ మనిషైనా దాని వెనకే పోతాడు. నువ్వు వాళ్లకి నూకాలును చూపించలేదు, మార్కులు వేసే పేపరును చూపించావు. వాళ్లు పేపరు దిద్దుకున్నారు. అంకెను దాచేస్తే సరిపోతుందా అంటే, సరిపోదు. లోపల నూకాలు ఇంకా మార్కులే వేస్తూ ఉంటే, దాచినా ఆ వాసన వస్తుంది. ముందు మారాల్సింది ఆమె హీరో చేసిన పనిని ఎక్కడ నిలబడి చూస్తోందన్నది.

నీ సీన్‌నే తీసుకుందాం. హీరో దగ్గర ఆఫీసు జనరేటర్ షెడ్డులో దొరికిన ఇరవై లీటర్ల డీజిల్ క్యాన్ ఉంది. దాన్ని చిన్న నర్సింగ్ హోమ్‌కు ఇవ్వొచ్చు, ఎందుకంటే తెల్లారేసరికి వాళ్ల జనరేటర్ ఆగిపోతుంది. అపార్ట్‌మెంట్ వాళ్లకు నాలుగింతలకు అమ్మొచ్చు, వాళ్లకి నీళ్ల మోటారు తిరగాలి. లేదా పైడిరాజు ఆటోలో పోయొచ్చు. వాళ్లమ్మ భీమిలిలో ఒక్కతే ఉంది, ఫోన్లు పనిచేయడం లేదు, ఆమె ఎలా ఉందో తెలియదు. నువ్వు నర్సింగ్ హోమ్‌కు ఇస్తే ముగ్గురికీ +5 అని రాశావు. అమ్మితే ముగ్గురికీ −5.

ఇప్పుడు ఒక్కొక్కరి వైపు నుంచి చూడు. పైడిరాజు ‘మంచి పని చేశావన్నా’ అనే అంటాడు. అబద్ధం చెప్పడు, నిజంగానే అలా అనుకుంటాడు కూడా. మర్నాడు తెల్లవారుజామున హీరో లేచేసరికి అతను ఉండడు. ఆటోను రోడ్డు పక్కన తాళం వేసి, ఆ తాళం హీరో దగ్గరే వదిలి, పడిపోయిన చెట్ల మధ్య నుంచి పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరం భీమిలికి నడుచుకుంటూ బయల్దేరాడు. నిన్ను తప్పుపట్టలేదు. కానీ తన అమ్మ సంగతి నీ లెక్కలోకి రాలేదన్నది అతనికి తెలిసిపోయింది. దీన్ని +5 అంటావా, −5 అంటావా?

అప్పారావు గారు అసలు ఆ డీజిల్ ఎవరికి పోయిందో చూడరు. ముప్పై ఏళ్లకు పైగా ప్లాంటులో స్టోరు రిజిస్టర్ల మధ్య బతికిన మనిషి. ఆయన మొదటి ప్రశ్న: ‘అది ఆఫీసు సొత్తు కదయ్యా, ఎక్కడైనా రాసిపెట్టావా?’ హీరో ఒక కాగితం మీద ‘తీసుకున్నాను’ అని రాసి షెడ్డు తలుపుకు అతికిస్తే ఆయనకు చాలు. అమ్మినా, ఇచ్చినా ఆయనకు నొప్పి ఒక్కచోటే. ఇక నూకాలు. ఆమె వలలు పోయాయి, వడ్డీకి తెచ్చిన అప్పు అలాగే ఉంది. నర్సింగ్ హోమ్‌కు ఉచితంగా ఇచ్చావని తెలిస్తే, ‘ఊరికే ఇచ్చీసినావేటి బావూ, ఆడు మన కాడ ఊరికే సూది పొడుస్తాడేటి?’ అంటుంది. ఆమె చెడ్డది కాదు. జీవితంలో ఆమెకు ఎవరూ ఏదీ ఊరికే ఇవ్వలేదు.

ఒకే క్యాన్ డీజిల్, ముగ్గురూ మూడు వేర్వేరు సంగతులు చూశారు. ఒకరు తన అమ్మను, ఒకరు రిజిస్టరును, ఒకరు అప్పును. నేను చెప్పదలచుకున్నది ఇదే. సహచర పాత్ర హీరో చేసిన పనికి తీర్పు చెప్పదు. ఆ పని తన బతుకులో ఎక్కడ తగిలిందో అక్కడి నుంచి మాట్లాడుతుంది. అలా రాస్తే ప్లేయర్‌కు ‘సరైన జవాబు’ దొరకదు, కాబట్టి వెనక్కి లోడ్ చేసుకోవడానికి కారణమూ ఉండదు. మూడు దారుల్లోనూ ఎవరో ఒకరికి ఏదో ఒకటి తగులుతుంది.

మనకు ఇది కొత్త కాదు. రామాయణంలో రావణుడు చేసింది తప్పని తమ్ముళ్లిద్దరూ మొహాన్నే చెప్పారు. విభీషణుడు వెళ్లిపోయాడు. కుంభకర్ణుడు తప్పని చెప్పి కూడా అన్న కోసం యుద్ధానికి వెళ్లి చచ్చిపోయాడు. భారతంలో వికర్ణుడు నిండు సభలో ద్రౌపది పక్షాన నోరు విప్పాడు, చివరికి కౌరవుల వైపే పోరాడి చచ్చిపోయాడు. నీ కోడ్ ప్రకారం ఈ ముగ్గురికీ −5 పడాలి, మూడుసార్లు పడితే ముగ్గురూ వెళ్లిపోవాలి. కానీ ఒక్కడే వెళ్లాడు. తప్పని తెలిసి ఉండిపోయే మనిషి, వదిలిపోయే మనిషి కంటే ఎక్కువ కాలం మనసులో నిలుస్తాడు. అలా ఉండిపోయే మనుషుల్ని ఆటల్లో చాలా తక్కువగా రాస్తారు.

రాసిన ఒక ఆట ఉంది. 2003లో బయోవేర్ చేసిన ‘నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్’. స్టార్ వార్స్ లోకంలో నడిచే ఆ ఆటలో జాల్బార్ అనే వూకీ (ఒళ్లంతా జుట్టుండే భారీకాయుల జాతివాడు), హీరో తనను బానిసలు పట్టేవాళ్ల చెర నుంచి విడిపించినందుకు జీవితాంతం రుణపడి ఉంటానని మాట ఇస్తాడు. మిషన్ అనే చిన్నపిల్ల అతని ఆప్తురాలు. ఆట చివర్లో ప్లేయర్ పూర్తిగా చీకటి దారి పడితే, మిషన్ ఎదురు తిరుగుతుంది. అప్పుడు ప్లేయర్ జాల్బార్‌ను బలవంతపెట్టి, అతని చేతులతోనే ఆ పిల్లను చంపించొచ్చు. ఆ సీన్ ఆడినవాళ్లు ఇన్నేళ్లయినా దాని గురించి మాట్లాడతారు. అక్కడ భయపెట్టేది హీరో క్రూరత్వం ఒక్కటే కాదు. ఒక మంచివాడి మాట నిలబెట్టుకునే గుణాన్నే అతని మెడకు ఉరిగా బిగించడం. నీ ఆటలో అలాంటిది పెట్టమని చెప్పడం లేదు. ‘ఈ మనిషి ఎందుకు ఇంకా నాతో ఉన్నాడు?’ అనే ప్రశ్నకు ప్రతి పాత్రకూ ఒక జవాబు రాసిపెట్టుకో. నచ్చి ఉన్నాడా, అవసరం కొద్దీ ఉన్నాడా, మాట ఇచ్చి ఉన్నాడా, భయపడి ఉన్నాడా. ఇవి వేర్వేరు.

2016లో అబ్సిడియన్ వాళ్లు ‘టిరనీ’ అనే ఆటలో ఈ తేడాను సూటిగా కోడ్‌లోనే పెట్టారు. సహచరులకు విధేయత ఒక కొలత, భయం ఇంకో కొలత. రెండూ ఒకేసారి పెరగొచ్చు. అంతకు ముందు 2011లో ‘డ్రాగన్ ఏజ్ 2’ స్నేహం ఒక చివర, పోటీ ఇంకో చివర పెట్టింది. మనతో ప్రతిదానికీ విభేదించే మనిషి వెళ్లిపోకుండా, గౌరవం ఉన్న ప్రత్యర్థిగా పక్కనే ఉంటాడు. ఆ ఆటలో ఇసబెలా అనే ఓడ కెప్టెన్ ఒక దశలో మనల్ని వదిలి పారిపోతుంది. మళ్లీ తిరిగొస్తుందా రాదా అన్నది ఆమెతో స్నేహమైనా సరే, పోటీ అయినా సరే, ఏదో ఒకటి గట్టిగా ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. అంటీముట్టనట్టు ఉంటే రాదు. ఆలోచించి చూస్తే అది మనుషుల విషయంలో నిజం. రోజూ పోట్లాడే తమ్ముడు కష్టానికి వస్తాడు, పలకరింపుతో సరిపెట్టుకునే పొరుగువాడు రాకపోవచ్చు.

ఇప్పుడు పాత పద్ధతిలో లోపం ఎక్కడుందో కూడా తెలుసుకో. 1998 నాటి ‘బాల్డర్స్ గేట్’లో జట్టు మొత్తానికి కలిపి ఒకటే పరువు అంకె, 1 నుంచి 20 వరకు. అది తగ్గితే మంచి పాత్రలు గొణిగి గొణిగి వెళ్లిపోతాయి. బాగా పెరిగితే చెడ్డ పాత్రలు వెళ్లిపోతాయి. ఆ రోజుల్లో అది గొప్ప ముందడుగు. కానీ ఆ పాత్రలు సంఘటనకు స్పందించడం లేదు, అంకెకు స్పందిస్తున్నాయి. ఫలానా పల్లెలో ఫలానా మనిషిని కాపాడావన్న సంగతి వాటికి తెలియదు. 2009లో ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’ ఒక్కొక్కరికీ విడివిడిగా −100 నుంచి 100 వరకు కొలత ఇచ్చింది, అది చాలా మెరుగు. అయితే దాంతో పాటు కానుకలు పెట్టింది. ఎంత ఘోరం చేసినా, గుడారానికి వచ్చి నచ్చిన బొమ్మో నగో చేతిలో పెడితే అంకె మళ్లీ లేస్తుంది. 2015 నాటి ‘ఫాల్అవుట్ 4’లో పైపర్ అనే సహచరికి తాళాలు విప్పడం నచ్చుతుంది. ఆమె దగ్గర మంచి అనిపించుకోవడానికి చాలామంది ఊళ్లోని తాళాలన్నీ విప్పుకుంటూ తిరిగారు. నీ స్నేహితులు చేసింది కూడా అదే.

మరి ఆరిజిన్స్‌ను ఎందుకు చూడమంటున్నానంటే, అందులో కానుకలకు లొంగని ఒక గీత ఉంది. చివర్లో లోఘైన్ అనే సేనాపతిని చంపాలా, వదిలేసి మన దళంలో చేర్చుకోవాలా అన్న నిర్ణయం వస్తుంది. వదిలేస్తే మన సహచరుడు అలిస్టర్ జట్టులో ఉండడు. అప్పటిదాకా అతని మనసు ఎంత గెలిచినా సరే. లోఘైన్ యుద్ధం మధ్యలో సైన్యాన్ని వెనక్కి తీసుకుపోవడం వల్లే, అలిస్టర్ తండ్రిలా చూసుకున్న డంకన్ చచ్చిపోయాడు. లోఘైన్‌ను వదిలేయడం పాపమా పుణ్యమా అని బయట ఎంతైనా వాదించుకోవచ్చు, అలిస్టర్‌కు ఆ వాదన పట్టదు. ఆటలో ముప్పై గంటలు అతని పక్కన నడిచిన ప్లేయర్‌కు ఆ గాయం ముందే తెలుసు. అందుకే అతను వెళ్లిపోయినప్పుడు ‘అన్యాయం’ అనిపించదు, బాధనిపిస్తుంది.

నీ ముగ్గురికీ ఇలాంటి గీత ఒక్కొక్కటి ఉండాలి. ఒక్కటే. అది దాటితే ఏం ఇచ్చినా తిరిగి రారు. ఆ గీత ఎక్కడుందో ప్లేయర్‌కు కనీసం రెండుసార్లు, మామూలు కబుర్లలో, ముందే తెలియాలి. నూకాలు విషయంలో నేనైతే ఇలా పెడతాను: ఆమెను పక్కనే ఉంచుకుని ఆమె తరఫున ఇంకొకరికి మాట ఇవ్వడం. ఆమె మొగుడు అలాగే ఆమె వేలిముద్ర వేయించి అప్పు తెచ్చాడని మొదటి రాత్రే చెబుతుంది. హీరో మంచి ఉద్దేశంతోనే ఆమెను అడగకుండా మాట ఇచ్చేస్తే, ఆమె బుట్ట సర్దుకుంటుంది. దొంగతనం చేసినా ఉండిన మనిషి, దీనికి వెళ్లిపోతుంది. అది నూకాలు.

ఇక స్పందన ఎప్పుడు రావాలన్నది. వెంటనే వద్దు. 2007లో వచ్చిన మొదటి ‘విచర్’ ఆటలో, మొదటి అధ్యాయంలో ఎల్ఫ్ అనే జాతి తిరుగుబాటుదారుల్ని కొన్ని పెట్టెలు పట్టుకుపోనిస్తే, రెండో అధ్యాయంలో మనకు కావలసిన మనిషి వాళ్ల బాణాలకే చచ్చి కనిపిస్తాడు. మధ్యలో గంటల కొద్దీ ఆట గడిచిపోతుంది. ఎవరు వెనక్కి లోడ్ చేస్తారు? సహచరుల స్పందన కూడా అలాగే కనీసం ఒక నిద్ర తర్వాత రానివ్వు. మనవాళ్లు మొహాన కొట్టినట్టు చెప్పడం తక్కువ. మొహమాటం ఉంటుంది, అలక ఉంటుంది, ఏమీ అనకుండా కంచం దగ్గర లేచి వెళ్లిపోవడం ఉంటుంది. నీ ఆటలో రాత్రి అందరూ మేడ మీద చేరే సీన్ ఉందని రాశావు కదా. అక్కడ నూకాలు రోజూ హీరోకి టీ గ్లాసు అందిస్తుంది అని మొదటి మూడు రాత్రులు చూపించు. నాలుగో రాత్రి గ్లాసు గోడ మీద పెట్టి వెళ్లిపోతే చాలు. ఒక్క మాట రాయక్కర్లేదు.

హుద్‌హుద్ అంటే నాకు మనసులో ఉండిపోయిన సంగతి ఒకటి చెప్పాలి. 2014 అక్టోబర్ 12, ఆదివారం. అప్పుడు మేము ఎంవీపీ కాలనీలో ఉండేవాళ్లం. మర్నాటి నుంచి కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్ కోసం పొద్దున్నే లైన్లు. మా వీధిలో ఒక కొట్టతను పాల ప్యాకెట్ మామూలు ధరకు ఎన్నో రెట్లు పెట్టి అమ్మాడు. మా పాప చిన్నది. అమ్మ అడిగినంతా ఇచ్చి ఒక ప్యాకెట్ తెచ్చింది. అతన్ని ఒక్క మాట అనలేదు, ఇంటికొచ్చాక మా దగ్గర కూడా ఏమీ అనలేదు. కానీ అంతకుముందు పదేళ్లుగా ఆమె అతన్ని ‘నాయనా’ అని పిలిచేది. ఆ రోజు నుంచి ‘ఏమండీ’ అంది. మేము ఆ వీధి ఖాళీ చేసే వరకు అలాగే పిలిచింది. అతనికి అర్థమైంది. ఆమె వచ్చినప్పుడల్లా అతను కళ్లెత్తి చూసేవాడు కాదు.

డైలాగులు రాసేవాడిగా నేను నేర్చుకున్న పెద్ద పాఠాల్లో అదొకటి. ఇంగ్లీషులో రాసేవాళ్లకు ‘యూ’ ఒక్కటే ఉంది. కోపమొచ్చినా, చనువొచ్చినా అదే మాట. అందుకే వాళ్లకు కొలతలు, బాణం గుర్తులు, రంగు రంగుల గీతలు అవసరమయ్యాయి. మనకు పిలుపే కొలత. పైడిరాజు మొదట్లో ‘సార్, మీరు’ అంటాడు. దగ్గరయ్యాక ‘అన్నా, నువ్వు’ అంటాడు. మనసు విరిగాక మళ్లీ ‘సార్, మీరు’ అంటే ప్లేయర్ గుండెలో గుచ్చుకుంటుంది. అప్పారావు గారు హీరోని ‘ఒరేయ్ అబ్బాయ్’ అని పిలిచే మనిషి. ఆయన ఒక పొద్దున ‘మీరు కూర్చోండి’ అంటే, ఆ మర్యాద చెంపదెబ్బ కంటే గట్టిగా తగులుతుంది. నూకాలు ‘బావూ’ నుంచి ‘సారూ’కు వెళ్తుంది. పిలుపు మార్పు ఒకే రకంగా ఉన్నా, ఎవరు ఎవరితో అన్నారన్నదాన్ని బట్టి అర్థం తిరగబడుతుంది. వయసులో చిన్నవాడు ‘నువ్వు’లోకి దిగితే అది చనువో, తెగింపో కావచ్చు. పెద్దాయన ‘మీరు’లోకి ఎక్కితే అది దూరమే. దీన్ని వివరించే అవసరం ఏ తెలుగు ప్లేయర్‌కూ ఉండదు. చిన్నప్పటి నుంచి ఇంట్లో విన్నదే.

ఇది కోడ్‌లో పెట్టేటప్పుడు ఒక చిక్కు వస్తుంది, ముందే చెబుతున్నాను. ప్రతి పాత్రకు ‘పిలుపు’ అనే వేరియబుల్ పెట్టి, ‘అన్నా’ ఉన్న చోట ‘సార్’ అని మార్చేస్తే సరిపోతుందనుకుంటావు. సరిపోదు, క్రియ కూడా మారాలి. ‘వచ్చావా’, ‘వచ్చారా’. ‘చూడు’, ‘చూడండి’. ఒక్కచోట తప్పినా పాత్ర కూలిపోతుంది. అందుకని హీరోని నేరుగా ఉద్దేశించే లైన్లన్నీ ప్రతి పిలుపుకూ విడిగా రాయాలి. ఆ పని తగ్గించుకోవడానికి నేను చేసేది ఇది: మామూలు లైన్లను హీరోని ఉద్దేశించకుండా రాస్తాను. ‘అదిగో, డాల్ఫిన్ నోస్ మీద లైటు వెలిగింది’, ‘పూర్ణా మార్కెట్ తెరిచారంట’ లాంటివి ఏ పిలుపుకైనా సరిపోతాయి. పిలుపు వినిపించాల్సిన లైన్లు అధ్యాయానికి నాలుగైదు పెట్టుకుని, వాటిని మాత్రం మూడేసి రకాలుగా ప్రాణం పెట్టి రాస్తాను.

తెలుగు అక్షరాల సంగతి కూడా ఒకసారి చూసుకో. ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చే ఏర్పాటు లేని గేమ్ ఇంజిన్లలో (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో) ‘స్త్రీ’ లాంటి మాట ముక్కలై కనిపిస్తుంది. యూనిటీలో మామూలుగా వాడే టెక్స్ట్‌మెష్ ప్రోతో ఈ బాధ ఉంది. 2023లో వచ్చిన గొడో 4లో ఆ ఏర్పాటు లోపలే ఉంది. డైలాగులే ప్రాణమైన ఆట కాబట్టి ఇది మొదటి వారంలోనే తేల్చుకో.

అంకె బదులు లోపల ఏం దాచాలని అడుగుతావు. గుర్తులు దాచు. ప్రతి పాత్రకూ ఒక చిన్న జాబితా: ఏం జరిగింది, తను కళ్లతో చూసిందా, ఎవరైనా చెబితే విన్నదా, ఎన్నో రోజున. ‘చూసిందా, విన్నదా’ అన్నది చాలా ముఖ్యం. నూకాలు లేనప్పుడు హీరో డీజిల్ అమ్మితే ఆమెకు వెంటనే తెలియకూడదు. పైడిరాజు చెబితే తెలియాలి, అతను తన కోపం కలిపి చెబుతాడు. మొదటి ‘మాస్ ఎఫెక్ట్’లో, 2007 నాటిది, విర్మైర్ అనే గ్రహం మీద మన సహచరుడు రెక్స్ మనమీదికి తుపాకీ ఎత్తుతాడు. తన జాతిని బతికించే మందు అక్కడుంది, మనం దాన్ని ధ్వంసం చేయబోతున్నాం. మాటకారితనం చాలినంత ఉంటే అతన్ని శాంతింపజేయొచ్చు. అది లేకపోయినా, ఎప్పుడో అతని వంశపు కవచాన్ని వెతికి తెచ్చి ఇచ్చి ఉంటే ఆ పని అక్కరకొస్తుంది. ఆ రోజు చేసిన పనికి పాయింట్లు కాదు, జ్ఞాపకం పనిచేసింది. నీ ఆటలో భీమిలి నుంచి పైడిరాజు తిరిగొస్తాడా లేదా అన్నది కూడా అలాంటి గుర్తు మీదే వేలాడదీయి. హీరో మొదటి రోజు ‘మీ అమ్మ పేరేంటి?’ అని అడిగాడా?

నమ్మకం ఎక్కువ ఉంటే బహుమతిగా ఏమివ్వాలన్న దానికి, 2023లో వచ్చిన ‘బాల్డర్స్ గేట్ 3’లో మంచి ఉదాహరణ ఉంది. షాడోహార్ట్ అనే సహచరి తన దేవత కోసం ఒక బందీని ఈటెతో చంపాల్సిన క్షణం వస్తుంది. ఆమెకు మనమీద తగినంత నమ్మకం ఉండి, మనం అడ్డుపడకుండా నిర్ణయం ఆమెకే వదిలేస్తే, ఈటె తనే పారేస్తుంది. అంటే అన్ని గంటల స్నేహం ఆమెను మన మాట వినేలా చేయలేదు, తన మాట తను వినేలా చేసింది. అదే ఆటలో శరణార్థుల మీద దాడికి మనం చేయి కలిపితే కార్లాక్, విల్ అనే సహచరులు ఉండరు, వెళ్లిపోతారు. వాళ్లు పోతే వాళ్ల కథలన్నీ పోతాయి. అన్ని నెలల పనిని ప్లేయర్ చూడకుండా వదిలేయడానికి ఆ ఆట తయారీదారులు ఒప్పుకున్నారు. ఒంటరిగా పనిచేసే నీకు అది కష్టంగా అనిపిస్తుందని తెలుసు. అయినా ఒక్కసారైనా ఒప్పుకో. ఎవరూ ఎప్పటికీ వెళ్లిపోని జట్టులో ఎవరి మాటకూ బరువుండదు.

ఇంకో ప్రమాదం ఉపన్యాసం. అప్పారావు గారి లైన్లు నువ్వు పంపినవి చూశాను. ప్రతి నిర్ణయం తర్వాత ఆయన ఏడెనిమిది వాక్యాలు మాట్లాడుతున్నారు. ఆయన నోట నువ్వు మాట్లాడుతున్నావు తమ్ముడూ. 2004 నాటి ‘నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్ 2’లో క్రియా అనే వృద్ధురాలు ఉంది. ఒక బిచ్చగాడికి డబ్బిస్తే, ఆ డబ్బు కోసమే అతని మీద ఇంకొకడు పడటం చూపించి మందలిస్తుంది. తరిమేస్తే, ఆ కసి అతను ఇంకొకడి మీద తీర్చుకోవడం చూపించి మందలిస్తుంది. ఎటు చేసినా చీవాట్లే అని చిరాకుపడే వాళ్లున్నారు. నాకు ఆ సీన్ ఇష్టం, ఎందుకంటే ఆమెకు ఒక సిద్ధాంతం ఉంది, ఆ సిద్ధాంతానికి వెనక ఒక జీవితం ఉంది, ఆట మొత్తం దాని చుట్టూనే నడుస్తుంది. అంత పునాది వేయగలిగితేనే ఆ పద్ధతి పట్టు. లేకపోతే అప్పారావు గారి చేత ‘రిజిస్టర్లో రాశావా?’ అనిపించి ఆపేయి. ప్రతిసారీ అదే ప్రశ్న అడగనివ్వు. ఏదో ఒక రోజు, హీరో నిజంగా ఘోరం చేసిన రోజు, ఆయన ఆ ప్రశ్న అడగకుండా ఊరుకుంటే చూడు.

పాత్రలు ఒకరితో ఒకరు కూడా తేల్చుకోవాలి. 2010 నాటి ‘మాస్ ఎఫెక్ట్ 2’లో మిరాండా, జాక్ అనే ఇద్దరు సహచరులు కొట్టుకునేదాకా వస్తారు, మనం మధ్యలో నిలబడాలి. నీ ముగ్గురిలో నూకాలుకూ అప్పారావు గారికీ అలాంటిది ఒక్క సీన్ రాయి చాలు. హీరో ఏం చేశాడన్నదాని గురించే వాళ్లిద్దరూ పోట్లాడుకోవాలి, హీరో వినాలి.

పని ఎంతవుతుందో లెక్క వేశాను. నీ ఆటలో ముప్పై నిర్ణయాలు, ఒక్కోదానికి మూడు దారులు, ముగ్గురు సహచరులు. మొత్తం 270 స్పందనలు. అందుకే అవన్నీ ఒకేలా ‘బాగా చేశావు’, ‘ఛ, ఇలా చేశావేంటి’ అని అయిపోయాయి. ముప్పైలో ఎనిమిదింటికే స్పందించనివ్వు. ఆ ఎనిమిదిలోనూ అందరూ అన్నింటికీ స్పందించకూడదు. ఎవరి బతుకుకు ఏది తగులుతుందో దానికే. అలా తీసేస్తూ పోతే నలభై, యాభై మిగులుతాయి. వాటిని చేత్తో రాయగలవు.

అంకె పూర్తిగా దాచాలా అంటే, నా మటుకు దాచేయమంటాను. 2019లో వచ్చిన ‘డిస్కో ఎలిజియం’లో మన తోటి డిటెక్టివ్ కిమ్ కిత్సురగి పక్కన ఏ కొలతా కనిపించదు. అతను తన నోట్‌బుక్‌లో ఏదో రాసుకోవడం, ఒక్కోసారి పెదవి చివర చిన్న కదలిక, అంతే. ఆ చిన్న కదలిక కోసం ప్లేయర్లు ఎంత తాపత్రయపడతారో ఆడి చూడు. అయితే దాచడం అంటే ఏమీ తెలియకుండా చేయడం కాదు. పిలుపు, టీ గ్లాసు, మేడ మీద ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఇవన్నీ కళ్లకు కనబడాలి. మేడ మీద కూర్చునే చోట్లకు నాలుగు స్థానాలు పెట్టి, దూరాన్ని గుర్తుల జాబితాతో ముడిపెట్టు. బొమ్మ గీసే పని పెద్దగా పెరగదు.

ఇవన్నీ మార్చాక, ఇదివరకు ఆడని ఐదుగురితో ఆడించు. కాలేజీ స్నేహితులే కాకుండా, మీ అమ్మగారినో పిన్నినో కూడా కూర్చోబెట్టు. వాళ్లకు కీబోర్డు అలవాటు లేకపోతే నువ్వే నొక్కి, నిర్ణయాలు వాళ్లను చెప్పమను. అయ్యాక ‘ఆట బాగుందా?’ అని అడగొద్దు. ‘నూకాలు నీ గురించి ఏమనుకుంటోంది?’ అని అడుగు. ‘మంచిగానే ఉంది’, ‘కోపంగా ఉంది’ అంటే ఇంకా పని ఉన్నట్టు. ‘టీ ఇవ్వడం మానేసింది, ఆ అప్పు సంగతి నేను తీయకుండా ఉండాల్సింది’ అంటే ఆ సీన్ ముట్టుకోకు.

పైడిరాజు భీమిలి నుంచి వచ్చే సీన్ రాశాక నాకు పంపు. హీరో అతని అమ్మ గురించి అడగని దారిలో కూడా అతను ఒకసారి రావాలి. ఆటో తాళం హీరో దగ్గరే ఉండిపోయింది కదా, దాని కోసం వస్తాడు. ఆ సీన్‌లో అతను ‘అన్నా’ అంటాడా, ‘సార్’ అంటాడా, ఏ పిలుపూ లేకుండా చెయ్యి చాపుతాడా అన్నది ముందు తేల్చుకుని, మిగతా మాటలు ఆ తర్వాత రాయి.